కొట్టివేతల్లోంచి లేచిన పక్షులు

కవిత రాస్తున్నప్పుడు ఒక మాట కుదరలేదనుకోండి, కొట్టేస్తాం. కింది లైన్లో ఇంకో రెండు మాటలు కుదరవు, అవీ కొట్టేస్తాం. మనలో చాలామంది అక్కడితో వదిలేసి ముందుకు పోతారు. పేజీ మరీ గజిబిజిగా తయారైతే చింపి ఉండచుట్టి పారేస్తారు. రవీంద్రనాథ్ టాగూర్‌కి ఈ రెండూ చేతకాలేదు. కొట్టేసిన చోటుని వికారంగా వదిలెయ్యడానికి ఆయన చెయ్యి ఒప్పుకునేది కాదు. పాళీతో ఆ గీతల మీదే మళ్లీ గీసి మొత్తం నల్లగా నింపేవారు. చుట్టూ ఒక అంచు కట్టేవారు. కింద ఇంకో నల్లమచ్చ ఉంటే రెంటినీ సన్నటి వంపుతో కలిపేవారు. ఆ వంపు మెడలా అనిపిస్తే పై మచ్చకి ముక్కు మొలిచేది. లోపల చుక్కంత ఖాళీ వదిలితే కన్నయ్యేది. పద్యం పద్యంలాగే ఉంటుంది. దాని పక్కన మాత్రం ఏ అడవిలోనూ లేని పక్షి ఒకటి నిలబడి మనవైపు చూస్తూంటుంది.

టాగూర్ బొమ్మలు వేశారన్న సంగతి తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలుసు. ఎన్ని వేశారో చెబితే మాత్రం ఆశ్చర్యపోతారు. 1928 ప్రాంతంలో, అంటే 67 ఏళ్ల వయసులో, రాతప్రతి వదిలి విడి కాగితాల మీద బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టారు. 1941లో చనిపోయేలోపు రెండు వేలకు పైగా వేశారు. ఏ ఆర్ట్ స్కూల్లోనూ చదవలేదు, ఏ గురువు దగ్గరా శుశ్రూష చెయ్యలేదు. పైగా అవి మనం ఊహించే టాగూర్ బొమ్మల్లా ఉండవు. తెల్లగడ్డం, వెలుగు, భక్తి, పల్లెటూరి పడవ ఇవేవీ లేవు. ముక్కులు సాగిన మృగాలు, కోపమో దిగులో తెలియని ముఖాలు, ముసుగు కప్పుకుని నిలబడ్డ ఆడవాళ్లు, చీకటి. నేను మొదటిసారి ఒక పుస్తకంలో చూసినప్పుడు కింద పేరు పొరపాటున అచ్చయిందనుకున్నాను.

మరి ఇవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయి? ఈ ప్రశ్నకి తయారుగా ఉన్న జవాబులు చాలానే ఉన్నాయి. అచేతన మనసు అని కొందరు, ఆదిమ జాతుల మాస్కులని కొందరు, కళ్లలో లోపమని ఇంకొందరు, చిన్న వయసులోనే చనిపోయిన వదిన అని చాలామంది. ఒక్కో జవాబులో కొంత నిజం ఉంది. చిక్కంతా ఒక్కటే పట్టుకుని మొత్తం దాంతోనే చెప్పెయ్యాలని చూడటంలో ఉంది.

ముందు 'ఎవరి దగ్గరా నేర్చుకోలేదు' అన్న మాట సంగతి చూద్దాం. ఏకలవ్యుడికి కూడా ఎదురుగా మట్టి ద్రోణుడు ఉన్నాడు కదా. టాగూర్‌కి అలాంటి ద్రోణులు ఇంటినిండా ఉన్నారు. కలకత్తాలోని జోడాసాంకో ఇంట్లో చిన్నప్పుడు వచ్చిన మాస్టర్లలో డ్రాయింగ్ మాస్టరు కూడా ఒకరు. అన్న జ్యోతిరింద్రనాథ్ ఇంటికి వచ్చినవాళ్లందరి ముఖాలూ పెన్సిల్‌తో గీసేవారు. ఆ బొమ్మల్లో కొన్ని 1914లో ఇంగ్లండులో అచ్చయ్యాయి కూడా. చిన్నాన్న మనవలైన గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ పక్కింట్లోనే కూర్చుని ఆధునిక భారతీయ చిత్రకళకి పునాది వేస్తున్నారు. వాళ్లని ఉత్సాహపరిచినవాడు, పోట్లాడినవాడు, తిట్టినవాడు ఈ బాబాయే.

ఆయన కూడా ప్రయత్నించకపోలేదు. 1900లో శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోసుకి రాసిన ఒక ఉత్తరంలో, స్కెచ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని చెప్పి తన మీద తనే జోకులు వేసుకున్నారు. పెన్సిల్ కంటే రబ్బరుకే ఎక్కువ పని పడుతోందట, కాబట్టి ఇటలీ మహా చిత్రకారుడు రాఫేల్ తన సమాధిలో నిశ్చింతగా నిద్రపోవచ్చట. అప్పటికి ఆయనకి 39 ఏళ్లు. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు గియ్యాలని చూసి ఓడిపోయి ఊరుకున్నారు. ఇంకో 28 ఏళ్ల తర్వాత ఆయన గెలిచింది అలా గియ్యడం నేర్చుకుని కాదు. ఆ పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టేసి. అప్పుడు అడ్డుపడిన రబ్బరు పనే, ఇప్పుడు కొట్టివేత రూపంలో బొమ్మకి మొదలైంది.

1916లో జపాను వెళ్లినప్పుడు యొకొయామా తైకాన్ లాంటి చిత్రకారులు వేసిన భారీ తెరల ముందు నిలబడి ఆయన కదిలిపోయారు. మనవాళ్ల బొమ్మలు ఎంత చిన్నవో, ఎంత బెరుకుగా ఉన్నాయో అప్పుడు తెలిసిందని కలకత్తాకి ఉత్తరాలు రాశారు. అరాయ్ కాంపో అనే జపాను చిత్రకారుణ్ని మన దేశానికి రప్పించారు. 1919లో శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్పే కళాభవన్ పెట్టారు. చిత్రకారుడు నందలాల్ బోసుని దానికి పెద్దని చేశారు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఒక ప్రదర్శన జరిగింది. ఆయన ఇంటివాళ్లు ముందుండి నడిపించిన ప్రాచ్య కళా సంఘమే దాన్ని ఏర్పాటు చేసింది. జర్మనీలోని బౌహౌస్ అనే ఆధునిక కళల స్కూలు నుంచి, అక్కడ పాఠాలు చెప్పే పాల్ క్లే, కాండిన్‌స్కీల అసలు బొమ్మలు దానికి వచ్చాయి. 1927లో జావా, బాలి దీవుల్లో తోలుబొమ్మలాటలూ నాట్యాలూ చూశారు. ఇంత చూసినవాణ్ని అమాయక చిత్రకారుడు అనడం కుదరదు. చెయ్యి నేర్వనిదే, కన్ను మాత్రం ఆ కాలంలో ఏ ఆర్ట్ స్కూలు కుర్రాడి కంటికంటే ఎక్కువ చదువుకుంది. కళాభవన్ పెట్టినవాడికి కళాభవన్‌లో సీటొచ్చేది కాదన్నది వేరే సంగతి.

ఇక ఆ కొట్టివేతల దగ్గరికి వద్దాం. అసలు సరుకు అక్కడే ఉంది.

1924లో పెరూ దేశం తన స్వాతంత్ర్య పోరాటపు శతాబ్ది ఉత్సవానికి టాగూర్‌ని పిలిచింది. ఓడలో వెళ్తూంటే జబ్బు చేసింది. అర్జెంటీనాలోనే ఆగిపోవాల్సి వచ్చింది. బ్యూనస్ ఎయిరీస్ పక్కన శాన్ ఇసిద్రోలో, నది కనిపించే ఒక మేడలో ఆయనకి బస ఏర్పాటు చేసింది విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి. అక్కడ రాసిన కవితలు తర్వాత 'పూరబి' సంపుటిలో చేరాయి. ఆ రాతప్రతి పుస్తకం బల్లమీద పడి ఉంటే ఒకాంపో తిరగేసింది. ఆమెకి బెంగాలీ రాదు. కాబట్టి కవితలు అడ్డం రాలేదు, నేరుగా బొమ్మలే కనిపించాయి. చరిత్రపూర్వపు మృగాలు, పక్షులు, ముఖాలు చూసి ఆమె ముగ్ధురాలైంది. బెంగాలీ వచ్చిన మిత్రులు ఏళ్ల తరబడి ఆయన రాతప్రతులు చూస్తూనే ఉన్నారు. అంతకు ముందు రాసినవాటిలోనూ ఇలాంటి అలంకారాలు ఉన్నాయి. కానీ వాళ్లు పద్యం చదివి పేజీ తిప్పేశారు. బొమ్మని బొమ్మగా చూడటానికి అక్షరం రాని మనిషి కావాల్సి వచ్చింది.

1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో మొదటి ప్రదర్శన ఏర్పాటు చేయించింది కూడా ఆ ఒకాంపోయే. అక్కణ్నుంచి అదే ఏడాది బర్మింగ్‌హాం, లండన్, బెర్లిన్, డ్రెస్డెన్, మ్యూనిక్, కోపెన్‌హాగెన్, జెనీవా, మాస్కో, న్యూయార్క్ తిరిగి వచ్చాయి ఆ బొమ్మలు. కలకత్తాలో పెట్టింది మాత్రం ఆ తర్వాతే. సొంతూళ్లో పెట్టడానికి ఆయనకి భయమే. మనవాళ్ల నోళ్ల సంగతి ఆయనకి తెలియనిదా!

ఆ 1930లోనే తన బొమ్మల గురించి ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. అందులో రెండు మాటలు ఈ చిక్కుముడిని చాలావరకు విప్పేస్తాయని నాకనిపిస్తుంది. రాతప్రతిలోని ఆ గీతలు పాపుల్లా మోక్షం కోసం ఏడ్చేవట. వాటిని లయలోకి లాగి గట్టెక్కించడానికి, అసలు రాయాల్సిన కవిత కంటే ఎక్కువ టైం పట్టేదట. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. చిన్నప్పటినుంచి తనకున్న శిక్షణ ఒక్కటే, అది లయలో శిక్షణ అన్నారు. ఆలోచనలో లయ, శబ్దంలో లయ.

ఛందస్సు తెలిసినవాళ్లకి ఈ మాట చటుక్కున అందుతుంది. పద్యం కట్టేవాడు మొత్తం అర్థం ముందే పెట్టుకుని కూర్చోడు. ఒక గణం పడుతుంది, దానికి యతి ఎక్కడో కావాలి, ప్రాస ఇంకో మాటని లాక్కొస్తుంది. ఆ మాట వచ్చి అర్థాన్ని ఇంకోవైపు తిప్పుతుంది. టాగూర్ బొమ్మ కూడా సరిగ్గా అలాగే నడిచింది. ఒక మచ్చ పడింది. దాని బరువుకి సమానంగా అటువైపు ఇంకోటి కావాలి. రెంటి మధ్యా ఒక వంపు కావాలి. తీరా చూస్తే జంతువు. ఏం గియ్యాలో తెలిసి గియ్యడం కాదు, గీశాక ఏమిటో తెలియడం. తన బొమ్మల్లో ఒకదాన్ని, పుట్టే అవకాశం ఎందుకో తప్పిపోయిన జంతువని ఆయనే వర్ణించుకున్నారు. ఆ మాటకి నేను ప్రతిసారీ నవ్వుతాను, కాసేపటికి ఆ జంతువు మీద జాలి కూడా వేస్తుంది.

నమ్మకం కలక్కపోతే ఒకసారి చేసి చూడండి. ఫోన్లో మాట్లాడుతూ కరెంటు బిల్లు వెనక పిచ్చిగీతలు గియ్యడం నాకూ అలవాటే. ఈ వ్యాసం కోసం ఒక పేజీలో నాలుగు మాటలు కొట్టేసి, వాటిని కలపాలని కూర్చున్నాను. మొదటి రెండూ బాగానే కలిశాయి. మూడోదానికి వచ్చేసరికి నా చెయ్యి ఆగి, 'ఇది ఏనుగు చేస్తే పోలా' అని ముందే నిర్ణయించేసింది. అంతే, చచ్చిపోయింది. తొండం అతికించినట్టు తయారైంది. ముందే పేరు పెట్టెయ్యకుండా చేతిని వదలడం ఎంత కష్టమో అప్పుడర్థమైంది. ఆయన తన బొమ్మలకి పేర్లు పెట్టకపోవడం వెనక కూడా ఇదే ఉందేమో. అర్థం అడిగినవాళ్లకి, నా బొమ్మల్లాగే నేనూ మౌనంగా ఉంటాను, చెప్పడం వాటి పని, వివరించడం కాదు అనేవారు.

చెయ్యి ఇలా తనంతట తను నడిస్తే అచేతన మనసే కదా అని ఆ రోజుల్లోనే కొందరు విమర్శకులు ఫ్రాయిడ్‌ని తెచ్చిపెట్టారు. పారిస్‌లో అప్పుడు, కలల్నీ అచేతన మనసునీ బొమ్మ కట్టే సర్రియలిస్టుల హవా నడుస్తోంది. వాళ్ల కంటికి అలా కనిపించడం సహజం. కానీ ఒక తేడా ఉంది. వాళ్లు అదుపు వదిలెయ్యడం కోసం గీశారు. టాగూర్ అదుపు లేని గీతని అదుపులోకి తేవడం కోసం గీశారు. దిక్కులు రెండూ వేరు.

మాస్కుల వాదం అంత తేలిగ్గా కొట్టెయ్యలేం. పపువా న్యూగినీలోని న్యూ ఐర్లండ్ దీవిలో చావు కర్మలకి మలంగన్ అనే కొయ్య బొమ్మలు చెక్కుతారు. కెనడా పడమటి తీరంలో హైదా జాతివాళ్ల చెక్కడాలున్నాయి. వీటితో టాగూర్ పక్షులకీ మృగాలకీ ఉన్న పోలికలు కళాచరిత్రకారులు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒక జంతువు నోట్లోంచి ఇంకో జంతువు రావడం, లోపలి భాగాలు బయటికి కనిపించేలా చిల్లులు పెట్టడం లాంటివి ఊరికే చేతికి తగిలేవి కావు. ఎక్కడో చూసి ఉండాలి. అయినా వాటిని ఎదురుగా పెట్టుకుని దింపుకున్నట్టు లేదు. ఒక మచ్చ సగం పక్షిగా మారాక, మిగతా సగం ఎలా పూర్తవచ్చో చెప్పే నమూనాలు ఆయన కంట్లో నిలవుండిపోయాయి, అంతే. మన ఇంటి గోడమీది తేమ మరకలో మనకి హనుమంతుడు కనిపిస్తాడు, ఎస్కిమోకి కనిపించడు. మరక అందరిదీ, హనుమంతుడు మనవాడు.

ముఖాల సంగతి వేరు. వందలకొద్దీ ముఖాలు వేశారు. అందులో ఒక ఆడమనిషి ముఖం మళ్లీ మళ్లీ వస్తుంది. కోలగా, కొంచెం పక్కకి వంగి, తలమీంచి నల్లటి ముసుగు జారుతూ, పెద్ద కళ్లు దేన్నీ చూడకుండా చూస్తూ ఉంటుంది. ముసుగు, జుట్టు, వెనకాల చీకటి అన్నీ ఒకే సిరాలో కలిసిపోతాయి. నుదురూ ముక్కూ మీద మాత్రం పసుపుపచ్చ వెలుగు, దీపం కింద నుంచి పట్టినట్టు. ఈమె కాదంబరీ దేవి అంటారు. జ్యోతిరింద్రనాథ్ భార్య. తొమ్మిదేళ్లకి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది, అప్పుడు మరిదికి ఏడేళ్లు. ఆయన మొదటి కవితలకి ఆమే శ్రోత. 1883 డిసెంబరులో రవీంద్రుడికి పెళ్లయింది, నాలుగు నెలలకి ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఆమె కళ్లు తన బొమ్మల్లోకి వస్తున్నాయని ఆయన నందలాల్‌తో అన్నట్టు చెబుతారు.

అది నిజమే కావచ్చు. కానీ ఈ కథ మీద మనకున్న మోజు చూస్తే నాకు కొంచెం అనుమానం. సినిమా కథలా బాగుంటుంది కాబట్టి బొమ్మ చూడ్డం మానేసి కథ వింటాం. ఆ ముఖాల్లో చాలావాటికి రంగస్థలంతో సంబంధం ఉంది. టాగూర్ జీవితమంతా నాటకాలు రాశారు, ఆడించారు, వేషాలు వేశారు. బొమ్మల్లో మనుషులు నిలబడే తీరు, చెయ్యి ఎత్తే తీరు, ఇద్దరి మధ్య వదిలిన ఖాళీ చూస్తే, తెర లేచిన మరుక్షణంలో నటులు నిలబడ్డట్టే ఉంటుంది. మాట ఇంకా మొదలవలేదు. పేరు లేని మనిషి ముఖం చూసి పాత్ర ఏమిటో ఊహించడం నాటకాల మనిషికి పుట్టుకతో వచ్చే అలవాటు.

రంగుల గురించి ఒక ముక్క. ఎరుపు తన కంటికి సరిగ్గా ఆనదని, నీలం మాత్రం ఎంత చిన్న పువ్వైనా కనిపిస్తుందని ఆయనే చెప్పుకునేవారు. ఎరుపు ఆనని ఒక రకం వర్ణాంధత్వం ఆయనకి ఉండి ఉంటుందని తర్వాతి పరిశోధకులూ రాశారు. దీన్నిబట్టి ఆయన బొమ్మల్లో ఎరుపు ఉండదనుకుంటే పొరపాటే. బోలెడుంది. కాకపోతే అది మనం అనుకునే చోట ఉండదు. గోధుమ, నలుపు పక్కన మగ్గిపోయి ఉంటుంది. లోపం బొమ్మని పుట్టించలేదు, దాని రంగు మార్చిందంతే. వాడిన సామాన్లు కూడా అంతే మామూలువి. నూనె రంగుల జోలికి దాదాపు పోలేదు. రంగు సిరాలు, పాళీ, పాళీ వెనకభాగం, గుడ్డపేలిక, వేళ్లు. ఒక్క ఊపులో కూర్చున్నచోటే పూర్తిచేసేవారు. సిరా ఆరేదాకా ఆగే ఓపిక ఆయనకి లేదు. కవిత మీద ఉన్నంత ఓపిక బొమ్మ మీద లేకపోవడం విచిత్రమే.

ప్రకృతి దృశ్యాల్లో మాత్రం వాదాలేవీ పనిచెయ్యవు. అక్కడ ఎదురుగా ఉన్న చోటే మూలం. 1930ల మధ్యలో వేసిన వాటిల్లో చాలావరకు సాయంత్రాలే. ముందు నల్లటి చెట్ల గుంపు, వెనకాల మండిపోయే పసుపు ఆకాశం. ఎండ నేరుగా పడే చెట్టు ఒక్కటీ ఉండదు. శాంతినికేతన్ చుట్టూ ఉన్న బీర్భూం నేల ఎర్రటి, పొడి, బయలు నేల. అలాంటి చోట సూర్యుడు కుంగేటప్పుడు చెట్టు చెట్టులా కనిపించదు, ఆకాశంలో పడిన నల్లమచ్చలా కనిపిస్తుంది. కొట్టివేతలు చూసి చూసి అలవాటైన కంటికి ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన దృశ్యం కాదు.

మన వైపు ఒక చిన్న సంగతి చెప్పాలి. బెంగాల్ చిత్రకళ తెలుగునేలకి టాగూర్ వంశంలోంచే వచ్చింది, కానీ ఈ టాగూర్ నుంచి కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ పాఠం చెప్పారు. ఆయన దగ్గర అడివి బాపిరాజు లాంటివాళ్లు నేర్చుకున్నారు. అది అవనీంద్రుడి దారి. పలచటి నీటిరంగులు, పురాణ కథలు, అజంతా కళ్లు. తర్వాత కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌కే వెళ్లి నందలాల్ దగ్గర చదువుకున్నారు. కాబట్టి 'శాంతినికేతన్ శైలి' అనగానే మన కళ్లముందు సుకుమారమైన రేఖ కదుల్తుంది. అదే ఊళ్లో కూర్చున్న ముసలాయన మాత్రం ఆ శైలితో ఏ సంబంధం లేకుండా సిరా పూసిన వేళ్లతో భూతాల్ని గీస్తున్నాడు. భారతీయ కళ అని ముద్ర వెయ్యగలిగిన వస్తువునే తయారుచెయ్యాలన్న బాధ్యత కళాకారుడికేమీ లేదని అంతకు ముందే ఉపన్యాసాల్లో చెప్పాడు కూడా. శిష్యులు మాట విన్నారో లేదో గానీ ఆయన తన మాట తను విన్నాడు.

ఆ స్వేచ్ఛకి ఒక కారణం గురువు లేకపోవడమైతే, ఇంకోటి పేరు. కవిగా ఆయన మీద 'గురుదేవ్' అన్న బరువు పడింది. నోబెల్ వచ్చిన 1913 నుంచి ప్రతి మాటా ఉపదేశంగానే తీసుకున్నారు జనం. బొమ్మల దగ్గర ఆయన ఎవరికీ గురువు కాదు. అక్కడ వికారంగా ఉండొచ్చు, కోపంగా ఉండొచ్చు, అర్థం లేకుండా ఉండొచ్చు. దీన్ని అందరూ హర్షించలేదు. బెర్లిన్ నేషనల్ గ్యాలరీకి ఆయన కొన్ని బొమ్మలు బహుమతిగా ఇస్తే, 1937లో నాజీలు వాటిని 'భ్రష్ట కళ' జాబితాలో వేసి తీసేశారు. క్లే, కాండిన్‌స్కీలతో ఒకే జాబితాలో పేరు ఎక్కడం ఏ పరీక్షా పాసవని చిత్రకారుడికి తక్కువ గౌరవమేమీ కాదు.

చివరి రోజుల్లో పాళీ పట్టడం ఆయనకి సాధ్యం కాలేదు. 1941 జూలై 30న జోడాసాంకోలో, ఆపరేషన్‌కి కొద్ది గంటల ముందు, పక్కనున్న రాణీ చందాకి ఒక కవిత చెప్పి రాయించారు. అదే ఆఖరిది. కొంచెం కుదిరాక దిద్దుకుంటానన్నారు. ఎనిమిది రోజులకి, ఆగస్టు 7న పోయారు. ఆ కవితలో ఒక్క కొట్టివేతా లేదు, కాబట్టి దాని పక్కన పక్షి కూడా లేదు.